కత్తి మరిచినవాడి భార్య

ఏప్రిల్ నెల ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఎమిల్ ఇనావన్ నల్లకోటు తొడుక్కుని, చంకలో గొడుగు పెట్టుకుని, రాజ్యం ఏలడానికి బయలుదేరాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఈ ఎండలో గొడుగెందుకని దారిలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఎందుకంటే అది గొడుగన్న సంగతి ఆయనకూ తెలియదు.

ఆయన లెక్కలో అది వాళ్ళ నాన్న కత్తి. ఇంటి నడవలో, తలుపు మూలన పాత పాలక్యాను ఒకటుంది. నల్లతోలు ఒరలో కత్తి, నల్లగుడ్డ తొడుగులో గొడుగు, రెండూ అందులోనే నిలబడి ఉంటాయి. నడవలో బల్బు మాడిపోయి చాలా రోజులైంది. మార్చమని భార్య క్రెసెంజ్ చెబుతూనే ఉంది. కాబట్టి ఈ కథ ఎమిల్‌ది కాదు, బల్బు మార్చమన్న మనిషిది.

క్రెసెంజ్‌ని అప్పెంజెల్‌లో అందరూ సెంజ్ అంటారు. పెళ్ళికి ముందునుంచీ చర్చి వీధి రొట్టెల కొట్లో గల్లాపెట్టె వెనక నిలబడిన మనిషి. ఎవరింట్లో మెత్తటి రొట్టె తింటారో, ఎవరికి మాడిన అంచు కావాలో ఆమెకి తెలుసు. "తర్వాత ఎవరు?" అని ఆమె కేకేస్తే వీధి అవతల మంగలి కొట్లో కూర్చున్నవాడు కూడా లేచి నిలబడతాడని ఒక ఎగతాళి. అంత గొంతున్న మనిషి, జనసభలో మాత్రం ఏనాడూ నోరు విప్పలేదు. వెళ్తుంది, చెయ్యెత్తుతుంది, వస్తుంది.

జనసభంటే మా చిన్న కాంటన్‌లో, అంటే మా రాష్ట్రంలో, పండగా అదే, ప్రభుత్వమూ అదే. చౌకులో తాడు కట్టి వలయం చేస్తారు. తాడు లోపల నిలబడినవాళ్ళు చెయ్యెత్తి పెద్దల్ని ఎన్నుకుంటారు, చట్టాలు చేస్తారు. లోపలికి పోవడానికి మగవాడు నడుముకో చేతిలోనో కత్తి చూపిస్తే చాలు. ఆడవాళ్ళు పసుపుపచ్చ ఓటు కార్డు చూపించాలి. మగవాళ్ళకీ కార్డు వస్తుంది గానీ, కత్తి ఉన్నవాళ్ళు దాన్ని పట్టించుకోరు. ఎమిల్ అయితే ఏటా దాంతో పొయ్యి ముట్టిస్తాడు.

ఆ పసుపు కార్డు కూడా ఊరికే రాలేదు. పంతొమ్మిది వందల తొంభైలో సెంజ్ తాడు బయట నిలబడింది, చంకలో పిల్ల. ఆడవాళ్ళకి ఓటు వద్దనేవాళ్ళు చేతులెత్తండి అన్నప్పుడు, కత్తుల అడవిలోంచి లేచిన చేతుల్లో ఒక చెయ్యి ఎమిల్‌ది. ఆమె చూసింది. ఆ వారమంతా ఇంట్లో సూపులో ఉప్పు లేదు. ఎమిల్ ఎందుకని అడగలేదు, అది ఆయన తెలివి. ఆ ఏడే దేశపు పెద్ద కోర్టు ఆడవాళ్ళని రానివ్వమంది. మరుసటి ఏప్రిల్‌లో ఇద్దరూ పక్కపక్కనే నడిచి లోపలికి వెళ్ళారు.

"పోయినేడు నీ చెయ్యి ఎందుకు లేచిందట?" అని దారిలో ఒక్కసారి అడిగింది.

"పక్కవాడిది లేస్తే లేచింది," అన్నాడు ఎమిల్.

"పక్కవాడు బావిలో దూకలేదు, అదృష్టం," అని ఊరుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడు సభ ముందుకి వచ్చిన సంగతి కత్తులదే. కాలం మారింది, కత్తి ఎందుకు, అందరికీ కార్డే ఉండాలని ఒక ప్రతిపాదన. ఎమిల్‌కి నిద్ర పట్టలేదు. దానికి ఎదురు మాట్లాడతానని ఊరంతా చాటాడు. నాలుగు కాగితాల ఉపన్యాసం రాసి, కొట్టంలో ఆవులకి వినిపించాడు. అవి అభ్యంతరం చెప్పలేదు. ఎమిల్ మాట్లాడతాడులే అని కత్తి వైపు వాళ్ళు ఇంకెవరూ తయారవ్వలేదు. ఆయన నోరు లేవకపోతే కత్తి పోయినట్టే.

దీనికి తోడు ఇంటికి చుట్టాలు. ఎమిల్ ముత్తాత తమ్ముడు అమెరికాలోని విస్కాన్సిన్ వెళ్ళాడు, ఆయన వంశంలోవాడు డేల్. బోర విరుచుకుని తిరిగే మంచి మనిషి. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న భాష కొంచెం వచ్చు. ఇంకొకడు సెంజ్ చెల్లెలి అల్లుడు హెన్నింగ్, హాంబుర్గ్‌వాడు. శనివారం సాయంత్రం భోజనాల దగ్గర ఎమిల్ కత్తి దూసి చూపించేసరికి ఇద్దరూ చెరో రకంగా కుర్చీల్లో కదిలారు.

"అత్తయ్యా, అది ఇంట్లోనే ఉంటుందా? పోలీసులు ఊరుకుంటారా?" అన్నాడు హెన్నింగ్, వేళ్ళతో ప్లేటు దగ్గరికి లాక్కుంటూ.

"పోలీసు మా ఇంటి వెనకే ఉంటాడు. వాడికీ ఒకటుంది," అంది సెంజ్.

డేల్ బల్ల మీద గుద్దాడు. "ఇదీ మాటంటే! మా దగ్గరా అంతే అన్నయ్యా. ఇంట్లో తుపాకీ ఉంటే ప్రభుత్వం గడప తొక్కడానికి జంకుతుంది. అది జంకాలి!"

"మా ప్రభుత్వం రేపు గంటల తరబడి ఎండలో చెక్కవేదిక మీద నిలబడుతుంది," అన్నాడు ఎమిల్. "ఇంకా ఎంత భయపెట్టమంటావు, పాపం?"

"అయితే కత్తి దేనికి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అమెరికావాడూ హాంబుర్గ్‌వాడూ ఒకే మాట అన్నది ఆ పూట అదొక్కటే.

"రేపు చూద్దురు గాని," అన్నాడు ఎమిల్, మీసం సవరించుకుంటూ. చూశారు.

వలయం వాకిట్లో కాపలా ఆల్బిన్ నెఫ్ ఉన్నాడు. ఎమిల్‌తో శుక్రవారం శుక్రవారం పేకాడే మనిషి, ఆయన్ని మిగ్ అని పిలిచేంత చనువున్నవాడు. సెంజ్ కార్డు చూపించి లోపలికి దాటింది. వెనకే ఎమిల్, చుట్టాల కోసం కాస్త పక్కకి తిరిగి, కోటు జరిపి, చంకలోది ఠీవిగా పైకెత్తాడు.

ఆల్బిన్ దాన్ని చూశాడు. ఆకాశాన్ని చూశాడు.

"వానొస్తుందంటావా మిగ్?"

ఎమిల్ కిందికి చూసుకున్నాడు. ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది.

"ఒరేయ్ ఆల్బిన్, చీకట్లో... పొరపాటు... నన్ను పోనీరా. ఇవాళ మాట్లాడేది నేనే."

"కార్డుందా?"

"పొయ్యిలో పెట్టాను."

"మరైతే కష్టం."

"నన్నెరగవురా నువ్వు?"

"నేనెరుగుదును మిగ్. తాడు ఎరగదు," అన్నాడు ఆల్బిన్, చాలా బాధగానే.

ఇల్లు కొండ మీద. వెళ్ళి వచ్చేసరికి చట్టం మారిపోయి కూర్చుంటుంది. వెనక జనం ఆగిపోయారు. డేల్ ముందుకొచ్చాడు. "ఇదేం అన్యాయం! ఈయనెవరో మీకందరికీ తెలుసు. గట్టిగా అడుగు అన్నయ్యా, నేనున్నాను!" హెన్నింగ్ గొడుగు వైపు చూసి, అది ఆయుధం కానందుకు లోపల సంతోషించాడు.

ఎమిల్ అరవలేదు. ఆల్బిన్‌ని తొయ్యలేదు. పక్కకి జరిగి, వెనకవాడికి దారిచ్చి, తాడు బయట విదేశీ కెమెరాల మధ్య నిలబడ్డాడు. తాడు మీదుగా కాగితాలు సెంజ్‌కి చాచాడు. 

"నువ్వు చదువు."

"నేనా?"

"ఇంకెవరున్నారు? చదువవే, నీకు పుణ్యముంటుంది."

ఆమె కాగితాలు తీసుకుంది. చేతిసంచిలో వెతికింది. కళ్ళద్దాలు రోజూ వాడే సంచిలో ఉన్నాయి, ఆ సంచి ఇంట్లో ఉంది. కాగితం మీద చీమల బారు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మాట భర్తకి చెప్పలేదు. చెబితే అక్కడే కూలబడతాడని.

ప్రమాణం అయింది. ఎన్నికలయ్యాయి. కత్తుల సంగతి వచ్చింది. ప్రతిపాదన పెట్టిన కుర్రలాయరు చక్కగా మాట్లాడాడు. కత్తులు చూసి మన ఊరికి వచ్చేవాళ్ళు నవ్వుతున్నారన్నాడు, ఇప్పుడు ఆడవాళ్ళూ ఉన్నారు కాబట్టి అందరికీ కార్డు చాలన్నాడు. చాలామంది తలలూపారు. మాట్లాడేవాళ్ళున్నారా అని లాండమన్, అంటే మా ప్రభుత్వ పెద్ద, అడిగాడు. అందరూ ఎమిల్ కోసం చూశారు. చెక్కవేదిక మెట్లెక్కింది సెంజ్.

 ముందు వేలమంది. తెలిసిన ముఖాల కోసం చూసింది. అప్పుడు వరసలో రోజూ మాడిన అంచు రొట్టె కొనే ముసలాయన కనిపించాడు. పక్కనే చక్కెర బిస్కెట్ల కోసం ఏడ్చే పిల్ల తల్లి. వీళ్ళు కొట్లో జనమే కదా, కాకపోతే ఈ పూట వరస పెద్దది అనుకుంది.

"మహా గౌరవనీయులైన లాండమన్ గారూ, నమ్మకమైన, ప్రియమైన నా తోటి దేశవాసులారా," అని పద్ధతి ప్రకారం మొదలుపెట్టి, కాగితాలు మడిచేసింది.

"కత్తి తరఫున మాట్లాడాల్సింది మా ఆయన. ఆయన తాడు బయట ఉన్నాడు. కత్తనుకుని గొడుగు తెచ్చుకున్నాడు."

వలయమంతా పగలబడి నవ్వింది. ఆమె ఆగింది, కొట్లో వరస సర్దుకునేదాకా ఆగినట్టు.

"నవ్వండి, నేనూ నవ్వాను. ఇప్పుడు వినండి. ఆయన్ని ఆపింది ఆల్బిన్. ఇద్దరూ ఒక బల్ల దగ్గర పేకాడతారు. అయినా ఆపాడు. మా ఆయన ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆగాడు. కేకెయ్యలేదు. ఈ కత్తి ఎవరినీ పొడవడానికి కాదు. ఇది ఇంట్లో ఉంచుకునేవాడు ఊరి మాట వినేవాడని సాక్ష్యం. కత్తి లేని రోజు కూడా ఆయన ఊరి మాట విన్నాడు. ఇలాంటివాళ్ళ చేతిలో కత్తి ఉంటే నాకు భయం లేదు. మీకెందుకు?"

లాయరు ఏదో అనబోయాడు.

"ఆగు బాబూ, నీ వంతు అయిపోయింది," అంది సెంజ్, కొట్లో అన్నట్టే. "ఒకప్పుడు మేమొస్తే కత్తి మర్యాద పోతుందని మమ్మల్ని బయట పెట్టారు. మేమొచ్చాం. ఏమీ పోలేదు. ఇప్పుడు మేమున్నాం కాబట్టి కత్తి తీసేద్దాం అంటున్నారు. నేను వచ్చింది ఇక్కడున్నది తగ్గించడానికి కాదు. కార్డు నాకుంది, కత్తి ఆయనకుంది. రెంటికీ చోటుంది. అంతే."

దిగింది. దిగేటప్పుడు మెట్టు తప్పబోతే లాయరే చెయ్యందించాడు.

చేతులు లేచాయి. తేలలేదు. మళ్ళీ ఎత్తమన్నారు. రెండోసారి "వద్దు" అన్న చేతులు తాడు దగ్గరినుంచి చర్చి గోడ దాకా నిండాయి. తాడు బయట ఎమిల్ ఆపుకోలేక గొడుగెత్తాడు.

"దించు మిగ్, గొడుగుకి ఓటు లేదు," అన్నాడు ఆల్బిన్. కానీ నవ్వాడు.

కత్తి నిలిచింది. డేల్ ఎమిల్ భుజం తట్టాడు. "నిన్ను లోపలికి రానివ్వలేదు, అయినా నువ్వు గెలిచావు. మా ఊళ్ళో ఈ లెక్క ఎలా చెప్పాలో తెలియడం లేదు," అన్నాడు. హెన్నింగ్ మాత్రం, వచ్చే ఏడు కత్తిని ఒకసారి పట్టుకుని చూడొచ్చా అని అత్తయ్యని మెల్లగా అడిగాడు.

సాయంత్రం హోటల్లో చీజ్ కలిపిన మాకరోనీ, ఉడికించిన సాసేజి. బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళంతా సెంజ్ చెయ్యి పట్టుకుని ఊపి పోతున్నారు. ఎమిల్ ప్రతివాడికీ "మా ఆవిడే" అని చెబుతున్నాడు, వాళ్ళకి తెలియనట్టు. రెండో గ్లాసు తర్వాత మాత్రం ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది.

"అంతా బాగానే చెప్పావు గానీ సెంజ్, రెండో కాగితం నిండా మా తాత గురించి రాశాను. ఆయన పేరైనా ఎత్తలేదు నువ్వు."

సెంజ్ సాసేజి ముక్క కోసి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అంది: "మీ తాతకి ఓటు లేదు, ఉన్నవాళ్ళతో మాట్లాడాను."