ప్రాగ్ బురుజు మెట్ల మీద లాస్య

క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల శేషాచలంగారి కుటుంబం ఉంటుంది. ఆయన ఒక్కగానొక్క కూతురు లాస్య. పుట్టుకతోనే ఎడమ కాలు బలహీనం. ఇంట్లో గోడలు పట్టుకుని తిరిగేస్తుంది గానీ, వీధిలోకి వస్తే ఊతకర్ర ఉండాల్సిందే. యూనిలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. మనిషి బక్కపలచనే, నోరు మాత్రం గట్టిది. గుడిలో ఎవరైనా తనతో మరీ గట్టిగా, నెమ్మదిగా మాట్లాడితే, "కాలే ఆంటీ ప్రాబ్లం. చెవులు సూపర్‌గా పనిచేస్తాయి" అనేస్తుంది.

ఆ నోరు ఊరికే రాలేదు. తొమ్మిదో క్లాసులో పిల్లలంతా గ్రాంపియన్స్ కొండలకి క్యాంపుకి వెళ్తే, టీచర్లు ఆ వారమంతా తనని లైబ్రరీలో కూర్చోబెట్టారు. తల్లి హరిప్రియ కూడా, "పోన్లే, మనకెందుకు రిస్కు" అంది.  ఆ తర్వాత ఎవరైనా "నీ మంచి కోసమే" అని మొదలుపెడితే చాలు, లాస్య ముఖం ఎర్రబడేది.

కిందటేడు ఒక సెమిస్టర్ చదువుకి వియన్నా వెళ్లింది. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలు ఓ ఏడెనిమిది మంది ఉండేవారు. వాళ్లలో సిడ్నీ కుర్రాడు దీపక్ కూడా తెలుగువాడే. ప్రయాణాలన్నీ అతనే ఏర్పాటు చేసేవాడు. మంచివాడే. జనవరిలో ఓ శుక్రవారం కాంటీన్లో, మర్నాడు అందరూ ప్రాగ్ వెళ్తున్నారని లాస్యకి వేరేవాళ్ల మాటల్లో తెలిసింది. నేరుగా దీపక్ టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"గ్రూప్‌లో నన్నెందుకు యాడ్ చెయ్యలేదు?"

దీపక్ ఇబ్బందిగా కదిలాడు. "అది కాదు లాస్యా. అక్కడంతా పాత రాళ్ల రోడ్లు. వాటి మీద ఐస్. నువ్వు పడితే మాకు... ఐ మీన్, నీ సేఫ్టీ కోసమే."

"నా సేఫ్టీ నీకెవరు అప్పజెప్పారు?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. గదికి వెళ్లి, వాళ్లు ఎక్కే రైలుకి ముందు రైల్లో టికెట్ తీసుకుంది.

శనివారం పొద్దున రైల్లోంచి ఇంటికి ఫోన్ చేసింది. ఇక్కడ సాయంత్రం, జనవరి అంటే మాకు నడివేసవి. ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. శేషాచలంగారు పెరట్లో పైపు పట్టుకుని మొక్కలకి నీళ్లు పెడుతున్నారు.

"ఒక్కదానివే ఏంటి అమ్మలూ? మంచులో పడితే ఎవరు లేపుతారు?"

"పడితే నేనే లేస్తా నాన్నా. ఇరవయ్యేళ్లుగా పడుతున్నా, ఐ యామ్ ఏన్ ఎక్స్‌పర్ట్."

ఫోన్ హరిప్రియ లాక్కుంది. "నీకేవన్నా పిచ్చి పట్టిందా? వచ్చే స్టేషన్లో దిగి వెనక్కి పో."

"దిగనమ్మా" అంది లాస్య. అంతే, ఫోన్ పెట్టేసింది.

ప్రాగ్‌లో పొగమంచు. ట్రామ్ దిగి రాతి వంతెన మీదికి వచ్చిందో లేదో, కర్ర కొన జారి లాస్య పక్కకి పడిపోయింది. మణికట్టు కలుక్కుమంది. చేతిసంచిలోంచి నారింజపండ్లు దొర్లిపోయాయి. వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ పండ్లన్నీ ఏరి సంచిలో వేసింది, చెయ్యి మాత్రం చాపలేదు. లాస్య తనంతట తనే లేచేదాకా పక్కన నిలబడి, తలూపి వెళ్లిపోయింది. ఆవిడ మర్యాద తనకి చాలా నచ్చిందని లాస్య తర్వాత నాకు చెప్పింది.

వంతెన చివర ఏడొందల ఏళ్లకి దగ్గరపడుతున్న బురుజు ఉంది. క్లాసులో దాని బొమ్మలు గీసింది కూడా. టికెట్లిచ్చే అమ్మాయి కర్ర వంక చూసింది.

"లిఫ్ట్ లేదండీ."

"తెలుసు."

"మెట్లు చాలా ఇరుకు. మెలికలు కూడా."

"దీని ప్లాన్ నేను గీశాను. అన్నీ తెలుసు. ఒక స్టూడెంట్ టికెట్."

కర్రకి పట్టీ ఉంది. దాన్ని వీపుకి తగిలించుకుంది. మెట్లకి వీపు పెట్టి కూర్చుంది. రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనించి, కుడికాలితో తన్ని, ఒంటిని పైకి జరిపింది. మళ్లీ ఇంకో మెట్టు. చిన్నప్పుడు మేనమామ ఇంట్లో మేడ ఎక్కింది ఇలాగే. రాయి ఐసుముక్కలా ఉంది. పైనుంచి దిగేవాళ్లు గోడకి అంటుకుపోయి దారిచ్చారు. ఒక ముసలి టూరిస్టు ఆగి చప్పట్లు కొట్టాడు.

"ప్లీజ్, వద్దు. నేను మెట్లే ఎక్కుతున్నా" అంది లాస్య.

కలుక్కుమన్న మణికట్టు సగం దూరంలో వాచింది. అక్కడో కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. వెనక్కి దిగుదామని మాత్రం ఒక్కసారీ అనిపించలేదట. ముక్కు తుడుచుకుని, వాచిన వైపు అరచేతికి బదులు మోచెయ్యి ఆనించి, మళ్లీ మొదలుపెట్టింది.

పైకి చేరితే ఏముంది? తెల్లటి పొగమంచు. నది లేదు, కోట లేదు, కింది వంతెన కూడా కనిపించలేదు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు విసుక్కుంటూ దిగిపోయారు. లాస్య పిట్టగోడ పట్టుకుని నిలబడి పగలబడి నవ్వింది. ఇంత కష్టపడి వచ్చి ఏమీ కనిపించక తిట్టుకునే హక్కు అందరిలాగే తనకీ దొరికింది. ఆ తెలుపునే ఒక ఫోటో తీసుకుంది.

దిగడం ఇంకా కష్టం. సగం దిగేసరికి కింది నుంచి తెలిసిన గొంతులు వినిపించాయి. మొదట మలుపు తిరిగినవాడు దీపక్. ఆమెని చూసి అక్కడే ఆగిపోయాడు.

"లాస్యా! ఎలా వచ్చావ్? ఉండు, ఎత్తుకుని దించేస్తా."

"నన్ను ముట్టుకోకు."

"హెల్ప్ చేద్దామనే కదా..."

"చెయ్యాలనుంటే నేను చెప్పింది చెయ్యి. నాకు ముందుగా దిగుతూ, ఎదురొచ్చేవాళ్లని మలుపు దగ్గర ఆపు. అదీ హెల్ప్ అంటే."

దీపక్ వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా చెయ్యెత్తి జనాన్ని ఆపాడు. కిందికి చేరాక, "గ్రూప్‌లో పెట్టకపోవడం తప్పే. సారీ" అన్నాడు.

"ఓకే. ఆకలేస్తోంది, సూప్ ఎక్కడ బాగుంటుందో చూడు" అంది లాస్య.

ఆ రాత్రి వీడియో కాల్‌లో కట్టు కట్టిన చెయ్యి చూసి హరిప్రియ పావుగంట తిట్టింది. లాస్య అడ్డుచెప్పకుండా విని, "అయిపోయిందా అమ్మా? రేపు కోట చూడ్డానికి వెళ్తున్నా" అంది. వెళ్లింది కూడా.

ఇప్పుడు తిరిగి వచ్చేసింది, ఆఖరి సంవత్సరం చదువుతోంది. శేషాచలంగారి ఫోన్ తెరిస్తే లాస్య బురుజు మీద తీసిన ఆ ఉత్త తెలుపు ఫోటోయే కనిపిస్తుంది. మొన్న మా ఇంట్లో బార్బెక్యూకి వచ్చినప్పుడు అందరికీ అదే చూపిస్తున్నారు, "మా అమ్మాయి ఒంటికాలి మీద ఎక్కిన చోటండీ ఇది" అంటూ. ఒకావిడ కళ్లు కూడా ఒత్తుకుంది.

ప్లేటు పట్టుకుని పక్కనే ఉన్న లాస్యకి ఒళ్లు మండింది.

"స్టాప్ ఇట్ నాన్నా. అదేం ఘనకార్యం కాదు, వీకెండ్ ట్రిప్. అందరూ వెళ్లారు, నేనూ వెళ్లాను" అని, ఇంకో కబాబ్ వేసుకోవడానికి పొయ్యి వైపు నడిచింది.