పలకని రాయి

దుర్గి నుంచి వచ్చిన రాతి మేస్త్రి స్తంభాన్ని సుత్తితో కొట్టి, చెవి ఆనించి, ఏమీ అనకుండా మళ్ళీ కొట్టాడు. నాకు భయం వేసింది అప్పుడే. ప్రతి రాయినీ అలా కొట్టి, ఖంగున మోగితే "పలికింది" అనడం ఆయన అలవాటు. మా పిల్లలు కూడా కంచాలు కొట్టి "పలికింది" అని ఆడుకునేవారు.

మాచర్లలో వాగు పొంగితే పాత వంతెన చెక్కలు కొట్టుకుపోయేవి. అందుకని వరదప్పుడు గొలుసులతో పైకెత్తే కొత్త వంతెన కడుతున్నారు. యుద్ధం వల్ల ఇనుము సరిపడా దొరక్క, గొలుసులు కట్టే స్తంభాలు రాతితోనే నిలిపారు. మా ఆయన ఆ పనికి ఓవర్సీర్. ఆయనకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి నేను రోజూ అక్కడికి వెళ్ళేదాన్ని.

"లోపల పగులుంది అమ్మగోరూ. నేను చెబితే ముసలోడికి చెవుడంటున్నారు. మీరు చెబితే అయ్యగోరు ఇంటారు," అన్నాడు మేస్త్రి.

"చెప్తాలే," అన్నాను.

"మరవమాకండి."

మరవలేదు. రాయి మారిస్తే ప్రారంభం ఆగుతుంది, దాంతో మా ఆయనకు రావలసిన నరసరావుపేట బదిలీ కూడా ఆగుతుంది. పిల్లల చదువుకు ఆ బదిలీ కావాలి. అందుకే చెప్పలేదు.

ప్రారంభం రోజున వంతెన ఎత్తుతుంటే స్తంభం పగిలింది. గొలుసు లాగేవాళ్ళను పక్కకు నెట్టిన మేస్త్రి కుడిచెయ్యి దాని కింద నలిగింది.

"రాయి చూసింది నువ్వే కదరా," అని ఇంజనీరు గద్దించాడు.

మేస్త్రి ఒక్కసారి నా వైపు చూశాడు.

"నాకు చెవుడొచ్చిందయ్యా," అన్నాడు.

మర్నాడు పొద్దున చద్దన్నం తింటూ పిల్లలు, "మేస్త్రి తాతకు చెవుడంట కదమ్మా?" అన్నారు. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నారు.

"లేదు. తాత సరిగ్గానే విన్నాడు. నాకు చెప్పాడు కూడా. నేనే మీ నాన్నకు చెప్పలేదు," అన్నాను.