వంక గట్టున యోసేపు అయ్యవారు

ఈ వేసవిలో మా కోడలు కర్నూలు ఇంటి కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టించింది. నీళ్ళు చిలకరించగానే గదంతా తడిమట్టి వాసన నిండింది. అందరూ హాయిగా ఉందన్నారు. నేను మాత్రం లేచి వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

బేతంచెర్లకు కొంత దూరాన, వంక ఒడ్డున ఉంది మా ఊరు. ఒకప్పుడు ఆ గట్ల పొడుగునా వట్టివేళ్ళ గడ్డి నడుమెత్తు పెరిగేదట. మా తాత దాన్ని అత్తరు వ్యాపారులకు గుత్తకిచ్చి వేళ్ళతో సహా తవ్వించాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వానా గట్టును కోసుకుపోయింది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజులనాటికి మా పొలాలన్నీ పోయి, పాత ఇల్లూ రెడ్డిగారన్న పిలుపూ మిగిలాయి. ఆ రెండింటినీ నేను చాలా జాగ్రత్తగా కాపాడుకునేవాణ్ణి.

యోసేపు అయ్యవారు మిషన్ బడిలో పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. ఆయన తండ్రి ఒకప్పుడు మా పొలాల్లో పనిచేశాడు. పోయిన గడ్డిని మళ్ళీ నాటాలని అయ్యవారు బడి బావి పక్కన మడులు కట్టి పిలకలు పెంచాడు. కూలి లేదు, ఇష్టమున్నవాళ్ళు రావచ్చన్నాడు. మా అరుగు ముందుకూ వచ్చాడు.

"ఏమప్పా, గట్టు మీదికి వస్తావా?"

"ఆలోచిస్తాను."

"బిన్నా ఆలోచించు. ఆలస్యమైతే పిలకలు మడిలో ఆగవు."

వెళ్ళాను. మనిషికి నలభై అడుగుల గట్టు వంతు. నా వంతుకు కిందనే నాగమ్మ జొన్నచేను. భర్త పోయిన ఆమెకు ఆ ఒక్క చేనే ఆధారం, గట్టు తెగితే అది వంకలో కలిసిపోతుంది. నన్ను చూసి ఆమె పక్కవాళ్ళతో, "తాత పీకించె, మనవడు నాటబట్టె. ఎవురి చెయ్యి మంచిదో చూడాల," అంది.

పిలక ఆకును జానెడు ఉంచి తక్కింది కోసి నాటమన్నాడు అయ్యవారు. లేత వేరు అంత ఆకును మోయలేదట. కోసిన దుబ్బులు నా కంటికి గుండు చేసిన తలల్లా కనిపించాయి. నేను కోయలేదు. మొదటి వారం అందరికంటే నా గట్టే పచ్చగా ఉంది. రెండో వారానికి సగం ఎండిపోయాయి. పొడుగు ఆకుల వల్ల కింది చేలోంచి చూస్తే మాత్రం నిలబడే ఉన్నట్టుండేవి.

ప్రతి శనివారం ఎవరి వంతు వాళ్ళు నడిచి చూసి, చచ్చిన దుబ్బుకొక ముడి చొప్పున గోగునార దారానికి వేసి, బడి గోడ మేకుకు తగిలించాలి. ఎన్ని ముడులుంటే అన్ని కొత్త పిలకలిస్తారు. నేను మూడు వారాలూ ఒక్క ముడీ లేని దారం తగిలించాను.

మూడో శనివారం అయ్యవారు నా గట్టుకు వచ్చి ఒక దుబ్బును పట్టుకు లాగాడు. వేరు లేకుండా చేతికొచ్చింది.

"ఇది బతికుండాదా?"

"లేదు."

"మరి ముడి యాడప్పా?"

"మా తాత పీకించిన చోట నేను నాటినవీ చచ్చాయని ఊరంతా చూడాలా?"

"ఊరు చూస్తే ఒకపూట నవ్వుతాది. చేను పోతే నాగమ్మ ఏమి తింటాదో అది చెప్పు." దుబ్బును నా చేతిలో పెట్టాడు. "మడిలో నీ పిలకలు ఉండాయి. ముడులు చూడందే ఇయ్యను."

నా సంగతి ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. చెప్పి ఉంటే కోపం తెచ్చుకుని ఇంట్లో కూర్చునేవాణ్ణి. ఆ పూటే బడి ముందు, అందరి మధ్య కూర్చుని ముడులు వేశాను. యాభై మూడు. నాగమ్మ దారాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదేందప్పా, జపమాల మాదిరుండాది," అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆమే కొడవలి పట్టుకుని నా వెంట వచ్చింది. ఆమె ఆకు కోసింది, నేను గుంతలు తీశాను.

నెల తర్వాత పెద్దవాన వచ్చింది. గట్టు రెండుచోట్ల జారింది, ఒకటి నా వంతులోదే. నాగమ్మ చేను అంచున నీళ్ళు నిలిచాయి గాని మట్టి పోలేదు. ఆ శనివారం ఏడు ముడుల దారం నేనే తీసుకెళ్ళాను. అయ్యవారు ముడులు తడిమి చూసి, ఏడు పిలకలు తీసి ఇచ్చాడు.

తర్వాత చాలా ఏళ్ళు నేను ఊరి సంఘానికి పెద్దగా ఉన్నాను. ప్రతి సమావేశంలో ముందు చెడిపోయినవాటి సంగతి నేనే లేచి చెప్పేవాణ్ణి. మీ తాత ఎన్నడూ ఇలా మాట్లాడి ఎరగడని బంధువొకాయన నొచ్చుకున్నాడు. నిజమే. మా తాతను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకు ఒకరు దొరికారు.