స్లాబు మీద వేళ్ళ పుంటి

మొదటి మొగ్గ కనిపించిన పొద్దున గోదావరి నోట్లో పేస్టు నురగతోనే మెట్లు దిగింది. కింద రాజమల్లు చెరుకు రసం బండి తుడుచుకుంటున్నాడు. మొగుడి భుజం పట్టి గుంజింది. మాట రాక వేలు పైకి చూపింది. కోతులు పడ్డాయో, నీళ్ళ ట్యాంకు పగిలిందో అనుకుని ఆయన చేతిలో గుడ్డ అక్కడే పారేసి ఉరికాడు.

పైన ట్యాంకు పగల్లేదు. గోదావరి తలకంటే ఎత్తు పెరిగిన ఒక మొక్క, దాని ఆకు పంగలో జొన్నగింజంత మొగ్గ.

"గిందుకా?" అన్నాడు రాజమల్లు. అన్నాడే గాని కిందికి దిగలేదు. ఇద్దరూ ఆ మొగ్గ చుట్టూ తిరిగి తిరిగి చూశారు.

ఆ మొగ్గ అంత గొప్పది ఎందుకైందంటే దాని వెనక వెంకటవ్వ ఉంది. వెంకటవ్వ గోదావరి తల్లి, మోస్రా అనే ఊళ్ళో ఉండేది. ఏటా చెరుకు మడి గట్టు మీద ఒక రకం పుంటికూర, అదే గోంగూర, పెట్టేది. దాని ఆకులు చిన్నప్పుడు గుండ్రంగా ఉండి, మొక్క ఎదిగేకొద్దీ చేతివేళ్ళలా చీలేవి. ఊళ్ళో దాన్ని వేళ్ళ పుంటి అనేవాళ్ళు. ఆకు పప్పులోకి, కాండం నార చెరుకు మోపులు కట్టడానికి. తర్వాత గట్లకు గడ్డిమందు కొట్టడం మొదలైంది. ఒక్కో గట్టూ బోడి అయింది. వెంకటవ్వ పోయాక ఇల్లు సర్దుతుంటే దూలానికి కట్టిన ఎండు కాయల కొమ్మ ఒకటి దొరికింది. ఇప్పుడు ఆ మడి చేసే తమ్ముడు బాలన్న దాన్ని పొయ్యిలోకి విరుస్తుంటే గోదావరి చేతిలోంచి గుంజుకుని కొంగున కట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో అడిగి చూసింది. ఎవరి దగ్గరా ఆ విత్తనం లేదు. ఉన్నదల్లా ఆ కొంగు ముడిలోనే.

ఆమెకు జానెడు నేల లేదు. నిజామాబాద్‌లో వర్ని రోడ్డు పక్క గల్లీలో, చంద్రయ్య అనే పెద్దాయన ఇంటి మీద ఒక గది అద్దెకు తీసుకున్నారు. గది ముందు స్లాబు ఉంది. గోదావరి కూలికి బీడీలు చుట్టేది కూడా అక్కడే. కుండీలు కొనాలంటే అంగట్లో ధర విని వెనక్కి తిరిగింది. రంగులు వేసే వాళ్ళ దగ్గర ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చింది. ఎవరో బయట పడేసిన కూలర్ తొట్టి, చిరిగిన సిమెంటు సంచులు చేర్చింది. ఇనుప చువ్వ కాల్చి అడుగున బొక్కలు పొడిచింది. స్లాబు కురిస్తే ఊరుకోనని చంద్రయ్య ముందే చెప్పాడు కనుక ప్రతి డబ్బా కింద ఇటుకలు పెట్టింది. పునాది తవ్విన చోట ఎర్రమన్ను దొరికింది. రాజమల్లు బండి మీద మిగిలిన చెరుకు పిప్పి మూలన కుళ్ళి నల్లగా అయి ఉంది. బెల్లం వండే చోట పారబోసే మడ్డి బాలన్న ఒక సంచి తెచ్చి పడేశాడు. పురుగు పడితే బీడీల చాటలో మిగిలిన తంబాకు దుమ్మును నానబెట్టి ఆ నీళ్ళు చల్లింది.

మిరుగు కార్తెకు, తొలకరి పడగానే, ఉన్న విత్తనమంతా పెట్టేసింది. ముసలి విత్తనం. చాలా మటుకు మొలవలేదు. మొలిచినవాటిని ఆమె చంటిపిల్లల్లా సాకింది. వాన గట్టిగా కొడితే మొక్కలకు అడ్డంగా చాప పట్టుకుని తాను తడిసేది. దసరా దగ్గర పడేసరికి స్లాబు మీద పచ్చని దడి లేచింది.

మొగ్గ చూసిన రోజే ఆమె పాత చీర అంచు చింపి ఆ ఎత్తైన మొక్కకు కట్టింది. మోస్రాలో అది రివాజు. గుడ్డ కట్టిన మొక్క విత్తనాల మొక్క. దాని ఆకు దొంగ కూడా తెంపడు. మిగతా మొక్కల కింది ఆకులు మాత్రం తోటి బీడీల ఆడవాళ్ళకు పంచింది. కూర అడిగితే లేదనడం ఆమెకు తెలియదు. అసలు ఎవరికైనా ఏదైనా లేదనడమే తెలియదు. నోట్లో నాలుక లేని మనిషని గల్లీ అంతా అనేది.

ఆ ఆడవాళ్ళు పేపరులో చుట్టిన పొట్లాలు కొంగు చాటున పెట్టుకుని దిగిపోయేవాళ్ళు. పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంటులో శివకుమార్ అనే కుర్రాడు ఉంటాడు. పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. పుస్తకం మీది నుంచి చూపు ఎత్తితే అతనికి ఈ స్లాబే కనిపిస్తుంది. వేళ్ళలా చీలిన ఆకులు, అంచులకు రంపపు పళ్ళు. వాటి మధ్య ఒక ఆడమనిషి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే ఆకులు ఆరబోసి ఉన్నాయి. ఎవరెవరో వచ్చి పొట్లాలు పట్టుకుపోతున్నారు. అతనికి ఇంకేం కావాలి. వీడియో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు. గంజాయి బీడీల కార్ఖానా మన పక్కనే నడుస్తోందని కింద రాశాడు.

ఆ రోజు గోదావరి చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది. తిరిగి వచ్చేసరికి గల్లీలో జనం గుమిగూడి ఉన్నారు. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. దారి ఇచ్చారు. పైకి పోతే చంద్రయ్య స్లాబు మీద రొప్పుతూ నిలబడ్డాడు. ఆయన చేతిలో గుడ్డ కట్టిన మొక్క, వేళ్ళతో సహా. అన్నిటికంటే ఎత్తుగా ఉందని, పైగా ఏదో గుర్తు కట్టి ఉందని దాన్నే ముందు పీకాడు. కాండం నడిమికి విరిగింది. మొగ్గలు నేల మీద రాలి ఉన్నాయి.

గోదావరి వంగి రాలిన మొగ్గలు ఏరబోయింది. చంద్రయ్య రెండో మొక్క మీద చెయ్యి వేశాడు.

"నాకు పెన్షన్ ఒస్తది బిడ్డా. కేసైతే అది బందైతది. దండం పెడ్త, పోలీసోళ్ళు రాకముందే పీకి పారేద్దాం."

వెనకాలే మెట్లెక్కి వచ్చిన రాజమల్లు కూడా అదే మాట అన్నాడు, పోతే పోనీ, ప్రాణం కంటే ఎక్కువా అని. ఆమె ఇద్దరినీ తప్పించుకుని పోయి ఆ రెండో మొక్క డబ్బాను రెండు చేతులతో కావలించుకుని కూర్చుంది. ముల్లు ముల్లుగా ఉండే కాండం చెంపకు గీరుకుంటున్నా తల తియ్యలేదు. ఆడమనిషిని పట్టి లాగలేక చంద్రయ్య వెనక్కి తగ్గాడు. అంతలో కింద జీపు ఆగింది.

ఎస్సై వయసులో ఉన్నవాడు. వెంట వినీత అనే ఆడ కానిస్టేబుల్ ఉంది. వెనకాల శివకుమార్, ఆ వెనక బీడీల ఆడవాళ్ళు, మెట్ల నిండా గల్లీ. ఏం చెట్లివని ఎస్సై అడిగాడు. పుంటికూర అని రాజమల్లు చెప్పాడు. తన తల్లి చేతి పుంటికూర తిని పెరిగినవాడినేనని, ఏ పుంటికూరా ఇట్లా ఉండదని ఎస్సై అన్నాడు. అన్నీ పీకించి, నమూనా పరీక్షకు పంపి, మిగతాది తగలబెట్టిస్తానన్నాడు.

తగలబెట్టడం అన్న మాటకు గోదావరి లేచింది. వాదించడం ఆమెకు రాదు. చేతికి అందిన కొమ్మ నుంచి ఒక ఆకు తెంపి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకొకటి తెంపింది.

"ఏయ్, ఏం చేస్తున్నవమ్మా?"

"తింటున్న సారు. నిషా ఎక్కితే మీరే సూస్తరు గద."

పరాయి మగవాడితో ఆమె అంత పొడుగు మాట మాట్లాడడం రాజమల్లు తన జన్మలో చూడలేదు. ఆమె తింటూనే ఉంది, ఆకు వెనక ఆకు, మేకలా. ఎస్సై కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు. మెట్ల మీది జనం మెడలు చాచారు. అందరూ ఆమె కళ్ళలోకే చూస్తున్నారు. కొంతసేపటికి ఎస్సై మతి ఉందో లేదో చూద్దామని ప్రశ్నలు మొదలుపెట్టాడు. పేరేంటన్నాడు. చెప్పింది. పుట్టిన ఊరు అడిగాడు. మోస్రా అంది. ఇవాళ ఏ వారమంటే బుధవారమంది.

"నీ ఇంటాయన పేరేంది?"

గోదావరి తల దించుకుంది. ఎస్సై మళ్ళీ అడిగాడు. ఆమె కాలి బొటనవేలితో స్లాబు గీకింది. ముఖం ఎర్రబడింది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు.

"అగో, ఎక్కింది," అన్నాడు ఎస్సై లేచి నిలబడుతూ. "మొగని పేరు కూడా యాదికి లేదు."

బీడీల ఆడవాళ్ళలో ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు మెట్ల దాకా పాకింది. వాళ్ళలో శంకరమ్మ అనే పెద్దామె ముందుకొచ్చి చేతులు తిప్పుతూ అంది, "మొగని పేరు నోటితోని తియ్యదు సారూ. నిషా లేనప్పుడు గూడ తియ్యదు. రేషన్ కార్డుకాడ గూడ నేనే చెప్పిన. పెండ్లైనప్పటి సంది గిదే కత."

వినీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన తల్లి కూడా ఇప్పటికీ తండ్రి పేరు పలకదని, ఎవరైనా అడిగితే పిల్లలను పిలిచి చెప్పిస్తుందని ఎస్సైతో చెప్పింది. చెబుతూనే ఒక ఆకు తుంచి కొరికింది. వెంటనే ఒక కన్ను మూసుకుంది. దవడలు జివ్వుమన్నాయి.

"సార్, పుల్లగున్నది. పుంటికూరనే సార్."

ఎస్సై కొరికి చూశాడు. నమ్మీ నమ్మనట్టు ఇంకో మొక్క నుంచి కూడా కొరికాడు. తర్వాత శివకుమార్‌ను ముందుకు పిలిచి, వీడియో తీసినవాడివి నువ్వే కదా, తిను అని ఒక ఆకు చేతిలో పెట్టాడు. శివకుమార్ తిన్నాడు. వద్దనే ధైర్యం లేదు. వ్యవసాయాధికారి వచ్చి చూసేదాకా ఒక్క ఆకు కూడా బయటికి పోవద్దని చెప్పి ఎస్సై దిగిపోయాడు.

ఆ అధికారి వచ్చిన పొద్దుటికే మొదటి పువ్వు విచ్చింది. వెన్నరంగు రేకులు, నడుమ నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు. ఆయన దాన్ని చూడగానే ఇది గోగు జాతి, గంజాయి కాదు అన్నాడు, ఫోటోలు తీసుకున్నాడు. చంద్రయ్య ఒకరినొకరు తొక్కుకుంటున్న జనానికి స్లాబు బలం గురించి చెబుతూ, అది పుంటికూరేనని మొదటి నుంచి తనకు తెలుసన్నట్టు నవ్వాడు. గోదావరి మాత్రం నిలిచి ఉన్న మొక్కలను కళ్ళతో తడిమి చూసుకుంది. ఉన్నాయి. బతికాయి.

అసలు ఆపద అప్పుడు మొదలైంది. శివకుమార్ తప్పు దిద్దుకుందామని ఇంకో వీడియో పెట్టాడు, పోలీసులే తిన్న పుంటికూర అని. ఇక గల్లీ గల్లీ నుంచి జనం. నవీపేట నుంచి కూడా ఒకామె బస్సెక్కి వచ్చింది. ఒకరికి పిడికెడు, ఒకరికి ఒడినిండా. గోదావరి ఎవరినీ కాదనలేదు. ఆకులు పోయిన మొక్కలు కర్రల్లా నిలబడ్డాయి. పువ్వులు రాలాయి గాని కాయలు ఊరడం లేదు. ఆకు లేకపోతే కాయకు బలం ఎక్కడిది అని ఒకనాడు రాజమల్లు పైకి చూస్తూ అన్నాడు. ఆమె ఒక్కో కర్రనూ ముట్టి చూసింది. చంద్రయ్య చేతి నుంచి, పోలీసుల నుంచి దక్కించుకున్నదాన్ని తన మొహమాటమే తినేస్తోంది.

ఆ సాయంత్రమే ఇంకా ఆకులు ఉన్న మొక్కలు వెతికి, చీర అంచు చింపి వాటికి గుడ్డలు కట్టింది. పట్నంలో గుడ్డ అర్థం ఎవరికి తెలుసు. నోటితో చెప్పాల్సిందే.

మొదట చెప్పాల్సి వచ్చింది ఎవరికంటే, వినీతకు. కవరు పట్టుకుని నవ్వుతూ మెట్లెక్కి వచ్చింది. ఎస్సై తల్లి వీడియో చూసిందట, ఆ కూర తినాలని ఒకటే గోలట. వినీత చెయ్యి గుడ్డ కట్టిన కొమ్మ మీదికి పోయింది.

"ఇయ్య అక్కా," అంది గోదావరి.

వినీత విననట్టు చూసింది. "సారు అడిగిండు."

"సారైనా ఇయ్య. ఆకు తెంపితే కాయ నిండది. మా అవ్వ ఇత్తు ఇది, ఇంకోకాడ లేదు. కాయ ఎండినాంక రా, పిడికెడు ఇత్తులు ఇస్త. అమ్మనే పెట్టుకోమను."

కొమ్మకూ వినీత చేతికీ నడుమ వచ్చి నిలబడింది. వినీత ఆ గుడ్డనూ, ఆమెనూ మార్చి మార్చి చూసింది. ఎస్సైకి అచ్చం ఇట్లాగే చెబుతానని నవ్వి ఖాళీ కవరు మడిచి జేబులో పెట్టుకుంది. పోలీసులకే లేదన్న మనిషి దగ్గరికి ఆ తర్వాత కూర కోసం ఎవరూ రాలేదు.

చలి ముదిరింది. కాయలు గోధుమరంగుకు తిరిగాయి. ఒక పొద్దున గోదావరి ఇక ఆగలేక చాట తెచ్చుకుని కూర్చుంది. కాయ మీది నూగు వేళ్ళకు గుచ్చుకుని మండుతోంది. ముందు ఆకులు పోయిన మొక్కల కాయలు చిదిమింది. మొదటిది పొల్లు. రెండోదీ పొల్లే, లోపల దుమ్ము. ఆమె చాట మీది దుమ్ము ఊదేసింది. రాజమల్లు బండి కాడికి పోవలసినవాడు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఇంకొకటి చిదిమితే అదీ అంతే.

ఆమె జరిగి గుడ్డ కట్టిన మొక్క కాయను చాట మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. పుటుక్కున పగిలింది. బూడిదరంగు గింజలు, మూడు పలకలవి, నిండుగా, చాట మీద చిటపటమంటూ దొర్లాయి. ఇంకో కాయ నొక్కింది, ఇంకా దొర్లాయి. రాజమల్లు ఒక గింజ తీసి పంటికింద పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేసింది. ఆయన నవ్వుతుంటే ఆమె మండుతున్న వేళ్ళతోనే ఫోను అందుకుంది. మోస్రాలో బాలన్న ఎత్తాడు. ఎట్లున్నవని కూడా అడగనివ్వలేదు.

"తమ్మీ, ఇగ గట్టుకు మందు కొట్టకు. ఇత్తులు పట్టుకొని నేనొస్తున్న."