ఒక్క పక్కే వాచిన గొంతు

మేం అత్తా అని పిలుచుకునే మా పక్కింటావిడ మొన్న మంగళవారం చనిపోయింది. చుట్టం కాదు. బందరు బజార్లో చేపలమ్మేది. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు దించుతుంటే కబురొచ్చింది. దిమ్మ కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

మా పేటలో గొంతు పట్టేస్తే అందరూ ఆవిడ దగ్గరికే వెళ్లేవాళ్లు. కొండనాలుక వాలిందంటూ బొటనవేలికి ఉప్పూ మిరియాలపొడీ అద్ది, నోట్లో పెట్టి పైకి నొక్కేది. ఆ పని నాకూ నేర్పింది. అందుకే ఆరేళ్ల కిందట తన గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటే నన్నే పిలిచింది. నెల రోజులు నొక్కాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి.

చివరికి అద్దం పెట్టుకుని తనే కనిపెట్టింది. "ఒరే, కుడి టాన్సిల్ చూడు, ఉసిరికాయంత ఉంది. ఎడమది మామూలుగానే ఉంది. జలుబైతే రెండూ వాయాలిగా? నొప్పి కూడా లేదేంటి?"

అదే మాట ఊళ్లో డాక్టర్నీ అడిగింది. ఆయన నోరు కూడా సరిగ్గా చూడకుండా మాత్రలు రాశాడు. తగ్గలేదంటే మళ్లీ అవే రాశాడు. మూడోసారి అత్త ఊరుకోలేదు.

"చేప కొనేవాడు కూడా మొప్ప ఎత్తి చూస్తాడండీ. మీరు నా నోరు చూడరేంటి?"

నేనైతే చీటీ చింపి బల్ల మీద విసిరాను. బయటికొచ్చాక నన్నే తిట్టింది. "అరిస్తే గడ్డ తగ్గుద్దేంట్రా? ఇంకో ఊరు పద."

విజయవాడలో టాన్సిల్ తీసి పరీక్షకి పంపారు. లింఫోమా అన్నారు. మామూలు గొంతు క్యాన్సర్ కాదట. రోగాలతో పోరాడే కణాలే పాడై అక్కడ గూడు కట్టాయట. అందుకే మెడ, పొట్ట, ఎముక మూలుగ అన్నీ వెతికారు. మెడలో ఒక గడ్డ తప్ప ఇంకెక్కడా కనబడలేదు.

"నా ముక్క నాకు చూపించండి బాబూ" అని అత్త ల్యాబ్ ఆయన ప్రాణం తీసింది. మైక్రోస్కోపులో ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఊదారంగు చేపగుడ్లలా కిక్కిరిసి ఉన్నాయిరా. ఇవా నన్ను చంపేవి?"

మూడు వారాలకోసారి కీమో అని ఎర్రమందు ఎక్కించారు. జుట్టు ఊడింది. రెండోసారికే మెడలో గడ్డ చేతికి తగల్లేదు. తర్వాత గొంతుకి కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారే, అది. నోరెండిపోయి, నీళ్లు లేకుండా ముద్ద దిగేది కాదు. అయినా ఐదేళ్లు చేపలమ్మింది. ఆ ఐదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. "నేర్పింది నేనేగా" అనేది.

ఈ ఏడు జబ్బు పొట్టలో తిరగబెట్టింది. మందు లొంగదీయలేకపోయింది. అప్పట్లో నెల ముందు వచ్చి ఉంటే బతికేదా అని డాక్టర్ని అడిగాను. "చెప్పలేం" అన్నాడు. ఆ మాట నన్ను తినేస్తోంది.

నిన్న మా పక్కనున్న గూడూరు నుంచి ఒకావిడ గొంతు పట్టేసిందని భర్తని తీసుకొచ్చింది. అత్త పోయిన సంగతి ఆవిడకి తెలియదు, నేనే చెప్పాను.

"అయితే నువ్వు నొక్కు తమ్ముడూ, నీకూ వచ్చంటగా."

ఆయన్ని వీధిలోకి తీసుకొచ్చి నోరు తెరిపించాను. ఎడం పక్కే వాచింది.

"నొప్పుందా బావా?"

"అబ్బే, లేదు."

"నేను నొక్కను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆవిడ బిత్తరపోయింది. ఎందుకో అంతా చెప్పి, ఇద్దర్నీ విజయవాడ బస్సెక్కించాను. బస్సు కదిలేటప్పటికి ఆయన కిటికీ పక్కన నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆవిడ ఆయన గడ్డం పట్టుకుని, వెలుతురుకి తిప్పి, వంగి లోపలికి చూస్తోంది.