సిస్టర్ జేబులో పెన్ను మూతలు

మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ పోయారు. వార్త వార్డు వాట్సాప్ గ్రూపులో ఉదయం ఏడున్నరకు వచ్చింది, సరిగ్గా ముందు డ్యూటీవాళ్ళు మాకు పేషెంట్లను అప్పగించే వేళకు. నిద్రలోనే గుండె ఆగిందట. బెంగళూరులో ఒకే సర్జరీ వార్డును పద్దెనిమిదేళ్ళు నడిపి, మూడేళ్ళ కిందట రిటైరైన మనిషి. డ్యూటీ మారే టైము చూసుకునే వెళ్ళారని ఒకమ్మాయి అంది. ఏడుస్తూనే నవ్వాం. ఆమెను తలుచుకుంటే నవ్వు రాకుండా ఉండదు, నేనేం చేయను.

నర్సులు కానివాళ్ళు నమ్మరు గానీ, మా వార్డుల్లో అన్నిటికన్నా ముందు కరువయ్యేవి పెన్నులు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు పెన్ను కోసం చెయ్యి చాపుతారు. రాస్తారు, ఏదో ఆలోచిస్తూ తన జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. సిస్టర్ దీనికో ఉపాయం కనిపెట్టారు. నొక్కే పెన్నులను వార్డులోకి రానిచ్చేవారు కాదు. మూత పెన్నులే. ఎవరడిగినా మూత తీసి తన జేబులో వేసుకుని, పెన్ను మాత్రం ఇచ్చేవారు. మూత లేని పెన్నును జేబులో పెట్టుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు కదా. రౌండ్స్ అయ్యేసరికి ఆమె కోటు జేబులో నాలుగైదు మూతలు గలగలలాడేవి. ఒకసారి పెద్ద సర్జన్ గారు పరధ్యానంగా అలాగే పెట్టేసుకుని, తెల్ల చొక్కా మీద నీలం మరకతో లిఫ్టు దగ్గర్నుంచి తిరిగొచ్చారు. సిస్టర్ ఎంతో వినయంగా, "మూత ఈడే ఉండాది సార్" అన్నారు. ఆ రోజంతా మేం మందుల గదిలోకి వెళ్ళి నవ్వి వచ్చేవాళ్ళం.

ఆమె పాత బెంగళూరు తెలుగావిడ. పేషెంట్లతో కన్నడం, మాతో ఆ ఊరి తెలుగు. ఒంగోలు నుంచి వచ్చి మారతహళ్ళి పీజీ హాస్టల్లో దిగిన నాకు ఆ తెలుగు చెవికి పట్టడానికి వారం పట్టింది. భోజనం మానేసి పని చేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. నువ్వు కళ్ళు తిరిగి పడితే ఇంకో బెడ్డు యాడ తెచ్చేదని గదమాయించి, డబ్బా చేతికిచ్చి తరిమేవారు.

నేను చేరిన రెండో నెలలో ఒక డాక్టరు నా పెన్ను పట్టుకుపోయారు. ఆయన ముందు మూత తీసి ఇవ్వడానికి నాకు మొహమాటం. ఎనిమిది మంది పేషెంట్ల బీపీ చూసి, రాసుకోవడానికి పెన్ను లేక నోట్లో వల్లెవేసుకుంటూ టేబుల్ దగ్గరికొచ్చాను. ఏడుగురివి గుర్తున్నాయి. ఆరో బెడ్డు తాతది జారిపోయింది. ఆయనకు ఆ పొద్దునే ఆపరేషన్ అయింది. మళ్ళీ వెళ్ళి చూడాలి. డ్యూటీ దిగే వేళైందని, అంతకుముందు రాసి ఉన్న అంకె చూసి దానికి దగ్గరగా ఒకటి రాసేశాను.

సిస్టర్ చార్టు చూశారు. తర్వాత నా మొహం చూశారు.

"చూసి రాసినావా, సుమ్నే రాసినావా?"

ఉత్తినే రాశానని ఒప్పుకున్నాను. ఆమె అరవలేదు. బీపీ మిషను తీసుకుని ఆరో బెడ్డుకు నడిచారు. నేను రాసినదానికన్నా బీపీ చాలా తక్కువగా ఉంది. డాక్టరు పరుగున వచ్చారు. లోపల రక్తం కారుతోందని తాతను మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళారు. ఆయన బతికి, పదిరోజులకు నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి నాకు తెలియదు. ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తుంది. ఇక నన్ను నమ్మి ఎవరైనా ఒక పేషెంటును అప్పగిస్తారా అన్నదే నా భయం.

ఆ తప్పుడు అంకెను కనపడకుండా గీకేయబోతే సిస్టర్ చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్క గీతే కొట్టాలమ్మా. కింద ఉండే తప్పు కనపడాల. పక్కన సైను చెయ్యి."

జరిగింది జరిగినట్టు సూపరింటెండెంట్‌కు రాసిచ్చేదాకా పక్కనే కూర్చున్నారు. ఉద్యోగంలోంచి తీసేయకుండా, నన్ను ఇంకో రెండు నెలలు కనిపెట్టి చూడమని సిస్టర్‌కు చెప్పారు పైవాళ్ళు.

మర్నాడు డ్యూటీ ఎక్కగానే సిస్టర్ కొప్పులో దోపుకున్న తన పెన్ను తీసి నాకిచ్చారు. మూతతో సహా. మూత తీసుకోలేదేమని అడిగాను.

"దానికే ఉండనీ. నువ్వు వాపస్ తెస్తావు, నాకు తెలుసు."

నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఆ రోజు ఎనిమిది బెడ్ల బీపీ రెండేసి సార్లు చూశాను. సాయంత్రం పెన్ను తిరిగిస్తే తీసుకున్నారు, మర్నాడు మళ్ళీ అలాగే ఇచ్చారు. రిటైరైన రోజున మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పదకొండో రోజు పన్నెండు మందిమి పీణ్య ఫ్యాక్టరీల దగ్గరున్న వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడే లేత్ మిషన్ మీద పనిచేసి మానేసిన ఆమె భర్త మమ్మల్ని దగ్గరుండి కూర్చోబెట్టి తినిపించారు. పక్కింటికి చక్కెర డబ్బా ఇచ్చినా మూత ఉంచుకునేదని చెప్పి నవ్వించారు. బయల్దేరుతుంటే, అప్పుడప్పుడు మాట్లాడుతుండమని, మా నంబర్లు రాసుకోవడానికి డైరీ తెచ్చుకుని పెన్ను అడిగారు.

అందరం బ్యాగుల్లో చేతులు పెట్టాం. పన్నెండు పెన్నులు ముందుకొచ్చాయి. ఒక్కదానికీ మూత లేదు. మూతలన్నీ మా ఎడమ చేతుల్లో ఉన్నాయి. ఆయన మా చేతుల వంక చూసి, ముందు ఆయనే నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

నా చేతిలో ఉన్నది సిస్టర్ పెన్ను. మూత పెట్టి ఆయన చేతికిచ్చాను.