పిల్లి వస్తేనే వస్తానన్న యాస్మిన్

పుంగనూరులో మా వీధి నుంచి దేశం దాటి పోయినవాళ్లు తక్కువేమీ కాదు. డ్రైవరు పనికి పోయినవాళ్లున్నారు, వంటపనికి పోయినవాళ్లున్నారు. పోయేటప్పుడు ఊరగాయ కట్టుకున్నారు, రాగిపిండి కట్టుకున్నారు. ఒకావిడ రుబ్బురోలే తీసుకుపోతానని మొండికేసి, మొగుడి చేత చీవాట్లు తిని వదిలేసింది. పిల్లిని తీసుకుపోతానన్నది మాత్రం మా ఎదురింటి యాస్మిన్ ఒక్కతే.

ఆ మాట విన్నరోజు వీధి వీధంతా మా ఇంటి ముందరే చేరింది. మస్కట్‌లో పిల్లులు లేవా అని ఒకరు, పిల్లికి కూడా పాస్‌పోర్టు ఫోటో తీస్తారా అని ఇంకొకరు అడిగారు. కిటికీ పక్క సీటు ఇవ్వకపోతే ఆ పిల్లి, మున్నీ, ఊరుకోదని ఓబులేసు అన్నాడు. సొంత వ్యాను తోలుతాడు కాబట్టి ప్రయాణాల సంగతులన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు. నా సందేహం వేరే. మొగుడు ఎప్పుడు పిలుస్తాడా అని ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి, తీరా పిలిచినరోజు పిల్లి పేరు ఎత్తడమేమిటి?

యాస్మిన్ పుట్టిల్లు కుప్పం. అజ్మల్‌ను నిఖా చేసుకుని వచ్చిన కొత్తలో తలుపు చాటునుంచి తప్ప మాట్లాడేది కాదు. పెళ్లయిన రెండో ఏడే అజ్మల్ ఏసీలు బాగుచేసే పనికి మస్కట్ వెళ్లాడు. రెండేళ్లకొకసారి నెల సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడు భార్య వెనకే తిరిగేవాడు, కూరగాయలు తరిగి ఇచ్చేవాడు. మిగతా రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక ఫోన్. అత్తగారు మంచాన పడితే ఏళ్లకొద్దీ చేసింది యాస్మినే. పిల్లలు కలగలేదు. దాని గురించి వీధి అనవలసినవీ అనకూడనివీ అన్నీ అన్నది. ఆమె ఒక్కరికీ బదులు చెప్పలేదు.

అత్తగారి మంచం పక్కన కూర్చునే మగ్గం వర్క్ నేర్చుకుంది. జాకెట్టు గుడ్డను చెక్క చట్రానికి బిగించి, జరీ, పూసలు, చమ్కీలు సూదితో కుట్టే పని అది. మొదట మదనపల్లెలో ఒక షాపు వాళ్లకు కుట్టి పంపేది. అత్తగారు పోయాక ముందుగదిలో మంచం తీసేసి ఆ చోటనే మగ్గం వేసింది. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. రాణి అనే అమ్మాయి మొదట చేరింది, ఆ తర్వాత ఇంకా నలుగురైదుగురు వచ్చారు. ఇప్పుడు సోమల నుంచి, పలమనేరు నుంచి కూడా పెళ్లికూతుళ్లు ఆ గదికి వస్తారు. ఒకప్పుడు తలుపు చాటున నిలబడ్డ యాస్మిన్, ఇప్పుడు ఎవరైనా గీచి గీచి బేరమాడితే, “నీ బిడ్డ ఈపు మీద నెమలి నవ్వల్లనా ఏడవల్లనా, నువ్వే చెప్పమ్మా” అంటుంది.

మున్నీ ఆ మగ్గాల కింద పెరిగిన పిల్లి. తెల్లటి ఒళ్లు, ఒక చెవి మాత్రం నలుపు. దారపు ఉండలు వీధి దాకా దొర్లిస్తుంది, పూసల గిన్నెలు తన్నేస్తుంది. అందరి చేతా తిట్లు తింటుంది, యాస్మిన్ చేత ఎక్కువ తింటుంది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ముద్దు చేయడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే నాకు మరీ అయోమయంగా ఉండింది.

కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అనుమతి దొరికిందని అజ్మల్ ఫోన్ చేసిన పూట నేను అక్కడే ఉన్నాను, జాకెట్టుకు హుక్కులు వేయించుకోవడానికి పోయి. వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకుంటారు. ఇన్నేళ్లు ఎదురింట్లో ఉన్నదాన్ని, నాకు బాగానే అర్థమవుతుంది. ఇల్లు కూడా చూసేశానని చెప్పాడు. నాలుగో అంతస్తు, లిఫ్టు ఉంది, వంటింట్లోంచి చూస్తే సముద్రం గీతలాగా కనపడుతుందట. మాట మాటకూ నవ్వుతున్నాడు. యాస్మిన్ చేతిలో సూది ఆగిపోయింది. మున్నీ లేకుండా తాను రానని చెప్పింది.

పిల్లి దగ్గరికొస్తే అజ్మల్‌కు తుమ్ములు ఆగవు. ఆయన సెలవుకు వచ్చినప్పుడల్లా మున్నీని మా ఇంట్లో వదిలేవాళ్లు. ఫోన్ పెట్టేశాక యాస్మిన్, “ఆయన ఒప్పుకోడులే అమ్మా” అని మళ్లీ సూది పట్టుకుంది. అలా చెప్పేటప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది.

మరుసటి రోజే అజ్మల్ ఒప్పుకున్నాడు. తుమ్ములకు మాత్రలున్నాయట, డాక్టరును అడిగి వచ్చాడట. పిల్లిని పంపించే కంపెనీ ఒకటి కనుక్కున్నాడు, ఇంటి యజమానితో కూడా మాట్లాడాడు. ఈ సంగతి యాస్మినే వచ్చి చెప్పింది. చెప్పి, మా వాకిట్లో చాలాసేపు అలానే కూర్చుంది. సంతోషం పట్టలేక కూర్చుందేమో అనుకున్నాం.

ఇక పిల్లి విమానం ఎక్కగలిగితే యాస్మిన్ పోతుంది, ఎక్కలేకపోతే ఆగుతుంది. వీధికి అర్థమైంది ఇదే. ఎదురింటి బిడ్డ మొగుణ్ణి చేరుకోవాలంటే పిల్లిని ఎలాగైనా ఎక్కించాలని అందరం నడుం కట్టాం.

ఓబులేసు వ్యానులో మున్నీని మదనపల్లె పశువుల డాక్టరు యువరాజ్ దగ్గరికి తీసుకుపోయాం. బుట్టలో పెట్టి పైన గుడ్డ కట్టాం. దారి పొడవునా అది ఏడుస్తూనే ఉంది. మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టాలని, పిచ్చికుక్క రోగం రాకుండా వేసే సూది ఆ తర్వాతే వేయాలని డాక్టరు చెప్పాడు. సూది ముందు వేస్తే లెక్కలోకి రాదట. చిప్పు పెడితే పిల్లి ఎక్కడ తిరుగుతుందో ఫోన్‌లో కనపడుతుందా అని అడిగాను. కనపడదట, అందులో ఒక నంబరు తప్ప ఏమీ ఉండదట. మరి ఇంత గొడవ ఎందుకని అడిగాను. కాగితాల్లో రాసిన పిల్లీ ఇదీ ఒకటేనని తెలియడానికన్నాడు. చెవి నల్లగా ఉంది కదా, చూస్తే తెలియదా అంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. యాస్మిన్ మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఏదైనా పిల్లి ప్రయాణానికి పనికిరాకుండా పోయిన సందర్భం ఉందా అని. డాక్టరు ఆమెకు ధైర్యం చెప్పాడు. మీ పిల్లి గట్టిది, ఏమీ కాదన్నాడు. యాస్మిన్ తల ఊపింది.

సూది వేశాక నెల దాటాలన్నారు. ఆ నెలంతా మున్నీకి పెట్టె అలవాటు చేయడమే మా పని. అజ్మల్ చెప్పిన కొలతలకు బెంగళూరు నుంచి ప్లాస్టిక్ పెట్టె తెప్పించాం. పిల్లి అందులో లేచి నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి. నేను రోజూ ఒక ఎండుచేప ముక్క లోపల పెట్టి కూర్చునేదాన్ని. పిల్లి లోపలికి పోయి, చేప తిని, నా వైపు చూసి బయటికి వచ్చేది. రాణి తన చున్నీ ఒకటి పెట్టె అడుగున పరిచింది. కుప్పం నుంచి యాస్మిన్ వాళ్లమ్మ ఫోన్ చేసి, పిల్లి కోసం ఇంత అవస్థ ఎందుకు, నేనే పెంచుతాను, నువ్వు మొగుడి దగ్గరికి పో అని చెప్పింది. వాళ్లింట్లో కుక్క ఉంది, కుదరదని యాస్మిన్ చెప్పింది. ఆ కుక్క పోయి ఏడాది అయిందని వాళ్లమ్మ అన్నది. యాస్మిన్ ఫోన్ రాణి చేతికిచ్చి లోపలికి పోయింది.

పిల్లిని బయటికి వదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. పొద్దున నేను పోయి చూస్తే వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉండేది. మూసి వచ్చేదాన్ని. మరుసటి రోజు మళ్లీ తెరిచి ఉండేది. రాణిని కోప్పడ్డాను. ఆ పిల్ల, తాను ముట్టుకోలేదని ఒట్టు పెట్టుకుంది. గాలి రాకపోతే ఉక్కపోస్తుంది అమ్మా అని యాస్మిన్ అన్నది. అది మంచు కురిసే కాలం. మేమంతా తలకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాం.

టికెట్లు వచ్చేశాయి. ఒక మగ్గం విప్పి గోడకు ఆనించారు. మిగతావి రాణి చూసుకుంటుందని అనుకున్నారు. ఆఖరి పరీక్షకు మళ్లీ మదనపల్లె పోయాం. ప్రయాణానికి తగ్గ ఆరోగ్యం ఉందని డాక్టరు రాసిస్తేనే ఎక్కించుకుంటారట. యువరాజ్ డాక్టరు మున్నీని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్లతో మెల్లగా అదిమి చూశాడు. రెండోసారి చూశాడు.

“ఇది చూలుతో ఉండాది. ఈ స్థితిలో ఎగరేదానికి నేను రాసియ్యలేను” అన్నాడు.

ఇంత కష్టం ఇలా అయిపోయిందే అని యాస్మిన్ వైపు చూశాను. ఆమె నవ్వుతోంది. చున్నీ నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వుతోంది. మనిషికి మతి తప్పిందేమో అనుకుని, వ్యానులో కూర్చోబెట్టి ఓబులేసు చేత ఒక టీ తెప్పించి తాగించాను. ఆమె తాగి, పిల్లి పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కన్నంలోంచి వేలు దూర్చి దాని ముక్కు నిమిరింది. అప్పుడే అజ్మల్ ఫోన్ వచ్చింది. పెట్టె పట్టుకుని ఉన్నందున ఆమె ఫోన్‌ను స్పీకర్లో పెట్టింది.

విషయం విని అజ్మల్ దిగులు పడలేదు. పిల్లలు పుట్టేది శుభమే కదా అన్నాడు. టికెట్లు మార్పిస్తానన్నాడు. పిల్లలు పాలు మానేదాకా ఆగుదాం, వాటికీ చిప్పులు పెట్టిద్దాం, అన్నింటినీ తెచ్చుకుందాం అన్నాడు. ఇల్లు పెద్దదే, మాత్రలు కూడా పనిచేస్తున్నాయి, పక్కింటి వాళ్ల పిల్లి దగ్గర కూర్చుని చూశాను, ఒకే ఒక్కసారి తుమ్మాను అన్నాడు.

యాస్మిన్ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె ఏమీ మాట్లాడకపోయేసరికి, సంతోషంతో ఏడుస్తోందని నేనే ఫోన్‌లో చెప్పాను.

“సంతోషం కాదమ్మా” అని యాస్మిన్ నాతో తెలుగులోనే అన్నది. “పిల్లి వస్తాదా, పిల్లికి సూదేసినారా, పిల్లికి పెట్టె సరిపోయిందా. ఇన్ని దినాలూ అందురూ ఇదే అడిగితిరి. నువ్వు వస్తావా అని ఒకురన్నా అడగలే.”

ఓబులేసు వ్యాను దిగి, టైర్లు చూసే వంకతో వెనక్కి పోయాడు. నేను దిగలేదు. అప్పుడు అజ్మల్ కూడా తెలుగులోనే అడిగాడు.

“ఇప్పుడు అడగతాండా. వస్తావా?”

“నువ్వు కావాల. ఆ నాలుగో అంతస్తు వద్దు. నా మగ్గాలు ఈడ ఉండాయి” అన్నది. “నువ్వు కాదంటావని పిల్లిని అడ్డం పెడితి. నువ్వేమో ఊ అంటానే పోతివి. నేనేం చేసేది చెప్పు” అన్నది.

వాళ్లు ఆ తర్వాత ఉర్దూలోకి మారి మెల్లగా మాట్లాడుకున్నారు. రోడ్డు మీద లారీల మోతలో నాకు సగమే వినపడింది. ఆ సగంలో తిట్టు మాత్రం ఒక్కటీ లేదు.

ఎండలు ముదిరాక అజ్మల్ సెలవు పెట్టి వచ్చాడు. ఈసారి నిలదీస్తాడని వీధంతా కాచుకుని ఉంది. ఆయన రోజూ ముందుగదిలో మున్నీ, దాని పిల్లల మధ్యనే కూర్చుని, మగ్గాలకు గుడ్డ బిగించి ఇచ్చేవాడు, తుమ్ముతూ. ఒకరోజు తలుపులు మూసుకుని మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా మాట్లాడుకున్నారు. నెల గడిచాక ఆయన ఒక్కడే మస్కట్ పోయాడు. ఓబులేసు వ్యానులో యాస్మిన్ బెంగళూరు దాకా పోయి దిగబెట్టి వచ్చింది.

ఇది విడిపోవడమని ఒకరు అంటారు. అజ్మల్ అక్కడ పని చాలించుకుని వచ్చేస్తాడని ఇంకొకరు అంటారు. విడిపోయినవాళ్లయితే రాత్రి ఫోన్‌లో అంతంతసేపు ఎందుకు నవ్వుకుంటారు? వచ్చేసేవాడైతే అక్కడి ఇల్లు ఎందుకు ఖాళీ చేయలేదు? మొన్న నేను సూటిగానే అడిగాను, మీ ఇద్దరూ ఏం అనుకున్నారని. యాస్మిన్ సూదిలోకి జరీ ఎక్కించుకుంటూ ఉంది.

“మాకే ఇంకా తెలీదమ్మా. రోజూ అడగతాడు, వస్తావా అని. రోజూ రాననే చెప్తాండా” అన్నది. “అడిగేది మాత్రం మానొద్దని చెప్పినా.”